పిల్లలతో వాన అడవికి – వాల్పారై చెప్పిన పాఠాలు

వాన అడవి అనగానే మనలో చాలామందికి టీవీలో చూసిన అమెజానో, స్కూలు పుస్తకంలో చదివిన కాంగోనో గుర్తొస్తుంది. మన కోయంబత్తూరు నుండి పొల్లాచ్చి మీదుగా నూరు కిలోమీటర్లు దాటితే అలాంటి అడవే ఒకటి ఉందని మన క్లాసులో చెప్తే సగం మంది నమ్మలేదు. అదే వాల్పారై. పోయిన మే నెల సెలవుల్లో మా అక్క, బావ, వాళ్ళ పిల్లలిద్దరు, అమ్మ, అవ్వ, నేను కలిసి అక్కడ రెండు రోజులు ఉండి వచ్చాము. పిల్లల్లో పెద్దది ఆరేళ్ళది, చిన్నోడికి నాలుగేళ్ళు.

ఎక్కడ తిన్నాము, ఎక్కడ ఫోటో దిగాము అనేది ఇక్కడ రాయబోవడం లేదు. చిన్నపిల్లలకు అడవిని ఎట్లా చూపించాలి, ఏం చూపించాలి, ఏం చేయనివ్వకూడదు అనేదే ఈ వ్యాసం. మన ఇళ్ళలో అక్కల పిల్లలో, అన్నల పిల్లలో ఎవరో ఒకరు ఉంటారు. సెలవులకు కొండకు పోదామంటారు. అప్పుడు ఇది పనికొస్తుందని రాస్తున్నా.

వాన అడవి అంటే

కోయంబత్తూరులో ఏడాదికి సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వాల్పారైలో పడేది దాదాపు 3500. దాని పక్కనే ఉన్న చిన్నకల్లారులో ఇంకా ఎక్కువ. తమిళనాడులో అన్నిటికన్నా ఎక్కువ వాన పడే చోట్లలో అదొకటి. నూరు కిలోమీటర్లకు ఇంత తేడా ఎందుకంటే, నైరుతి ఋతుపవనాలు అరేబియా సముద్రం నుండి తెచ్చే మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. మేఘం కొండ ఎక్కేటప్పుడు చల్లబడి వాన కురిపిస్తుంది. కొండ దాటి మన వైపు వచ్చేసరికి దాంట్లో నీళ్ళు తక్కువ, గాలి ఎక్కువ. ఆడి నెలలో మన ఊళ్ళో వీచే గాలి అదే.

అంత వాన పడే చోట చెట్లు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి. అన్నీ ఒకేసారి ఆకు రాల్చవు. అడవి మేడలాగా అంతస్తులుగా పెరుగుతుంది. పైన ముప్పై నలభై మీటర్ల ఎత్తున కొమ్మలు ఒకదానికొకటి తగులుకొని కప్పు వేసినట్టు ఉంటాయి. దాని కింద నడిమి చెట్లు, వాటి కింద పొదలు, ఫెర్నులు, అన్నిటికన్నా కింద తడి ఆకుల నేల. ఎండ చాలా కొద్దిగానే నేలదాకా దిగుతుంది. జంతువులు కూడా అంతస్తులు పంచుకొని ఉంటాయి. కొన్ని జన్మలో నేల మీదికి దిగే అవసరమే పడదు.

మనం ప్రబంధాల్లో శైల వర్ణన చదువుకున్నాము. గజేంద్రమోక్షంలో త్రికూట పర్వతం మీది అడవిని చెప్పేటప్పుడు పోతన చెట్ల పేర్లు, జంతువుల పేర్లు ఊపిరి తిప్పకుండా వరుసగా చెప్తాడు. ఒక అడవిని చూపించడానికి ముందు దాంట్లో ఉన్నవాటి పేర్లు పలకాలి అనే పద్ధతి మన సాహిత్యంలో ఎప్పటి నుండో ఉంది. పిల్లలతో పోయినప్పుడు నాకు పనికొచ్చింది ఆ పద్ధతే.

పచ్చనిదంతా అడవి కాదు

పొల్లాచ్చి నుండి వాల్పారైకి సుమారు 65 కిలోమీటర్లు. ఆళియారు ఆనకట్ట దాటాక కొండ మొదలవుతుంది. నలభై పిన్ను మలుపులు ఉన్నాయి, ప్రతి మలుపుకూ నెంబరు బోర్డు. పైకి ఎక్కాక ఎటు చూసినా పచ్చదనమే. పిల్లలు "అడవి వచ్చేసింది!" అని అరిచారు. అక్కడే మొదటి పాఠం చెప్పాల్సి వచ్చింది. అది అడవి కాదు, టీ తోట.

వాల్పారై పీఠభూమి సుమారు 220 చదరపు కిలోమీటర్లు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడి అడవిని నరికి కాఫీ, టీ తోటలు వేయడం మొదలుపెట్టారు. నరకగా మిగిలినవి తోటల నడుమ తుంపులు తుంపులుగా ఉన్నాయి. చిన్నవీ పెద్దవీ కలిపి నలభైకి పైనే. కొన్ని మన కాలేజీ ఆవరణ అంత చిన్నవి. చుట్టూ ఆనైమలై పులుల అభయారణ్యం ఉంది, నడుమ టీ సముద్రం, ఆ సముద్రంలో దీవుల్లాగా ఈ తుంపులు.

ఈ తేడా ఆరేళ్ళ పిల్లకు ఎట్లా చెప్పాలి? నేను చెప్పలేదు, లెక్కపెట్టమన్నాను. టీ తోట గట్టున పది అడుగులు నడిచి రాలిన ఆకుల్లో ఎన్ని రకాలున్నాయో ఏరమంటే రెండు దొరికాయి. ఒకటి టీ ఆకు, ఇంకొకటి నీడకోసం నాటిన సిల్వర్ ఓక్ ఆకు. ఆ చెట్టు కూడా ఆస్ట్రేలియా నుండి తెచ్చినది. తర్వాత అడవి తుంపు అంచున రోడ్డు పక్కనే పది అడుగులు. పెద్దది పదిహేడు రకాలు ఏరింది. గుండ్రంవి, పొడుగువి, ముక్కు సాగినవి. "చిన్నమ్మా, ఇక్కడ ఆకులన్నీ వేరే వేరే ఇంటివి" అంది. వర్షారణ్యానికి అంతకన్నా మంచి నిర్వచనం నేను రాయలేను.

ఆకుల ముక్కు సాగి ఉండడానికి కూడా కారణం ఉంది. ఆకు మీద పడ్డ వాన నీళ్ళు ఆ కొస నుండి తొందరగా జారిపోతాయి. తడి నిలిచిన ఆకుకు నాచు, బూజు పట్టేది ఎక్కువ.

పోయే ముందు

కాలం చూసుకోవాలి. జూన్ నుండి సెప్టెంబరు దాకా గట్టి వానలు, పిల్లలతో కష్టం. మే నెలలో అప్పుడప్పుడు సాయంకాలం జల్లు పడుతుంది, పొద్దున తెరిపిగా ఉంటుంది.

మలుపుల దగ్గర పిల్లలకు కడుపు తిప్పుతుంది. కడుపు నిండా ఇడ్లీలు పెట్టి బండి ఎక్కించకూడదు. తొమ్మిదో మలుపు దగ్గర లోమ్స్ వ్యూ అనే చోటు ఉంది. అక్కడ దిగి గాలి పీల్చుకోవచ్చు. అదృష్టం ఉంటే రాళ్ళమీద వరైయాడు కనిపిస్తుంది. తమిళనాడు రాష్ట్ర జంతువు అదే. అడవి లోపల ఉండేది కాదు, రాతి గుట్టల మీద, గడ్డి కొండల మీద మేసే కొండమేక.

బట్టలు మట్టి రంగువి, ఆకు రంగువి వేయాలి. పొడుగు ప్యాంటు, దాన్ని సాక్సు లోపలికి దోపాలి. ఒక నోటుబుక్కు, పెన్సిలు, ఉంటే ఒక భూతద్దం. ఫోను మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. ఫోటో తీయడంలో పడితే చూడడం పోతుంది.

ఇంకొకటి. పులిని చూపిస్తాను, ఏనుగును చూపిస్తాను అని పిల్లలకు మాట ఇవ్వకూడదు. పెద్ద జంతువు కనపడకపోతే "ఏమీ లేదు" అని ఏడుస్తారు. మేము ముందే చెప్పాము: మనం చిన్నవాటిని చూడటానికి పోతున్నాము, పెద్దవి వస్తే అది బోనస్సు.

నేల పాఠం

చిన్నపిల్లల కళ్ళు నేలకు దగ్గరగా ఉంటాయి. కాబట్టి కిందనుండి మొదలుపెట్టాలి.

తడి ఆకుల మీద మొదట చిన్నోడికే కనపడింది. నల్లగా మెరిసే పురుగు, తాకితే గుండ్రంగా చుట్టుకొని గోలీకాయ అయిపోయింది. మా అవ్వ చూసి "రోకలిబండరా అది" అంది. మనకు ఇంటి దగ్గర కనపడే రోకలిబండ పొడుగ్గా ఉండి చుట్ట చుట్టుకుంటుంది. ఇది దాని చుట్టమే, పొట్టి రకం. పడమటి కనుమల తడి అడవుల్లో ఉంటుంది. ఒళ్ళంతా పలకలు పలకలుగా ఉండి, భయం వేస్తే తల, కాళ్ళు అన్నీ లోపలికి పెట్టుకొని బంతి అవుతుంది. అది తినేది కుళ్ళిన ఆకులే. తిని మట్టి చేస్తుంది. అడవిలో అన్ని ఆకులు రాలుతున్నా గుట్టలు పడకపోవడానికి ఇలాంటి పురుగులు, చెదలు, బూజులే కారణం. మేము దాని పక్కన కదలకుండా కూర్చున్నాము. కొంచెంసేపటికి మెల్లగా విప్పుకొని నడిచింది. నాలుగేళ్ళ పిల్లాడు అంతసేపు నోరు మూసుకొని ఉండడం మా అక్క అంతకుముందు చూడలేదంట.

రెండోది జలగ. తమిళంలో అట్టై. వాల్పారై పోయి జలగ కరవకుండా వచ్చినవాళ్ళు తక్కువ. పెద్దవాళ్ళు కెవ్వుమంటే పిల్లలు జీవితమంతా అడవికి రామంటారు. జలగ మన ఊపిరిని, ఒంటి వేడిని, అడుగుల అదురును బట్టి మనల్ని కనిపెడుతుంది. కరిచేటప్పుడు రక్తం గడ్డ కట్టకుండా చేసే పదార్థాన్ని వదులుతుంది. అందుకే అది రాలిపోయాక కూడా రక్తం కొంచెంసేపు కారుతుంది. భయపడేంత పోదు. లాగి పీకకూడదు, అగ్గిపుల్లతో కాల్చకూడదు. సన్నగా ఉండే నోటి వైపు గోటిని చర్మానికి ఆనించి పక్కకు తోస్తే ఊడిపోతుంది. తర్వాత సబ్బుతో కడిగి శుభ్రమైన గుడ్డ ఒత్తి పట్టుకుంటే చాలు. పెద్దదాని పిక్కకు ఒకటి పట్టింది. బావ మెల్లగా తోసి తీస్తుంటే అది "దానికి ఆకలేసిందా?" అని అడిగింది. ఏడవలేదు.

చెవి పాఠం

వర్షారణ్యంలో చూసేదానికన్నా వినేది ఎక్కువ. ఆకుల చాటున ఉండే జంతువు కళ్ళకు అందదు, చెవికి అందుతుంది. ఒక ఆట ఆడించాను. కళ్ళు మూసుకొని నూరు దాకా లెక్కపెట్టాలి, కొత్త శబ్దం వినపడినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. మొదటిసారి చిన్నోడు రెండు వేళ్ళు ముడిచాడు. రెండో రోజుకు ఆరు.

అన్నిటికన్నా గట్టిగా వినపడేది కీచురాళ్ళు. అరిచేది మగవే. వాటి పొట్టకు రెండు పక్కలా డప్పు తోలు లాంటి పొరలు ఉంటాయి, వాటిని వేగంగా అదిరించి ఆ చప్పుడు చేస్తాయి. కేరళలో సైలెంట్ వ్యాలీ అనే వాన అడవి ఉంది కదా, అక్కడ కీచురాళ్ళ రొద లేదని ఆ పేరు వచ్చిందని ఒక కథనం. అక్కడ కరెంటుకోసం ఆనకట్ట కట్టాలనుకున్నప్పుడు పెద్ద ఉద్యమం జరిగింది. మలయాళ కవయిత్రి సుగతకుమారి ఆ ఉద్యమంలో ముందు నిలిచారు. చివరికి 1984లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. సాహిత్యం చదివే మనకు ఇది తెలిసి ఉండాలి. కవులు అడవిని వర్ణించడమే కాదు, నిలబెట్టారు కూడా.

తెల్లవారుజామున వాగు పక్కనుండి ఎవరో పిల్లవాడు ఈల వేసుకుంటూ పోతున్నట్టు వినపడింది. రాగం తెలియని ఈల, ఎక్కడ మొదలయిందో ఎక్కడ ముగిసిందో తెలియదు. అది ముదురు నీలంరంగు పిట్ట. ఇంగ్లీషువాళ్ళు దానికి ఈలవేసే బడిపిల్లాడు అని పేరు పెట్టారు. ఈ సంగతి చెప్పినదే తడవుగా మా చిన్నోడు బళ్ళో ఈల వేయడానికి లైసెన్సు దొరికినట్టు సంతోషపడ్డాడు.

పై పాఠం

పిల్లలను తల ఎత్తి చూడమంటే ఒక నిమిషం కన్నా చూడరు, మెడ నొప్పి. కాబట్టి ఒక చెట్టును ఎంచుకొని దాని కింద చాప వేసి పడుకోబెట్టాలి. పండిన జువ్వి చెట్టో మేడి చెట్టో అయితే మంచిది.

మర్రి, రావి, మేడి, జువ్వి. మన తెలుగులో వీటికి వేరు వేరు పేర్లు ఉన్నా అన్నీ ఒకే కుటుంబం. వాన అడవిలో ఈ జాతి చెట్లు అన్నదాన సత్రాలు. మిగతా చెట్లు ఒక కాలంలోనే కాస్తాయి. ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క నెలలో కాస్తాయి కాబట్టి ఏ కాలంలో వెతికినా అడవిలో ఏదో ఒకటి పండి ఉంటుంది. పిట్టలు, కోతులు, ఉడుతలు, గబ్బిలాలు అన్నీ అక్కడికే చేరతాయి.

మాకు మొదట కనపడింది పెద్ద ఉడుత. తోకతో కలిపి కొలిస్తే మీటరు దాకా ఉంటుంది. వీపు మెరూన్ రంగు, నలుపు, పొట్ట మీగడ రంగు. కొమ్మ నుండి కొమ్మకు దూకేటప్పుడు తోకను పరిచి దూకుతుంది. పుల్లలు ఆకులు పెట్టి చెట్ల కొసల్లో గూళ్ళు కడుతుంది, ఒకటి కాదు, కొన్ని. ఈ ఉడుత తూర్పు కనుమల్లో, తెలుగు రాష్ట్రాల అడవుల్లో కూడా ఉంది.

తర్వాత ఒక శబ్దం. దూరంగా పాత ఆవిరి రైలు వస్తున్నట్టు హుస్ హుస్‌మని. తల మీదుగా రెండు పెద్ద పిట్టలు ఎగిరిపోయాయి. పసుపు ముక్కు, ముక్కు మీద ఇంకొక ముక్కు లాగా కొమ్ము. తమిళంలో ఇరువాచ్చి. కేరళకు అది రాష్ట్ర పక్షి. దాని సంసారం కథ లాగా ఉంటుంది. ఆడపిట్ట గుడ్లు పెట్టే కాలంలో పెద్ద చెట్టు తొర్రలోకి పోయి, రెట్ట, మట్టి, పండ్ల పిప్పితో తలుపు మూసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. మూడు నాలుగు నెలలు మగపిట్ట పండ్లు గొంతులో దాచుకొని తెచ్చి ఒక్కొక్కటి తీసి అందిస్తుంది. ఈ కాలంలో మగపిట్ట చచ్చిపోతే లోపల ఉన్న తల్లీబిడ్డల ప్రాణానికే ముప్పు. మా అవ్వ ఇది విని, "బాలింతకు మొగుడు వంట చేసి పెట్టేది పిట్టల్లో ఉండాది, మనుషుల్లోనే లేదు" అంది. బావ నవ్వి ఊరుకున్నాడు.

అంత పెద్ద తొర్ర కావాలంటే అంత ముసలి చెట్టు ఉండాలి. ముసలి చెట్లు నరికేస్తే ఈ పిట్టకు ఇల్లు లేదు. ఈ పిట్ట లేకపోతే పెద్ద గింజల చెట్లను దూరం మోసుకుపోయి నాటేవాళ్ళు తక్కువ. ఆనైమలై కొండల్లో ఉండే కాడర్ తెగవాళ్ళకు ఈ గూళ్ళు ఏ చెట్టులో ఉన్నాయో బాగా తెలుసు. కేరళ వైపు వాళచ్చాల్ అడవుల్లో కాడర్లే ఆ గూళ్ళకు కాపలా ఉంటున్నారు.

పెట్టకూడని బిస్కెట్టు

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది.

వాల్పారై దారిలో మూడు రకాల కోతులు కనపడతాయి. కింద ఆళియారు దగ్గర ఉండేది మనకు తెలిసిన మామూలు కోతి, తలమీద వెంట్రుకలు టోపీ పెట్టినట్టు ఉంటాయి. పైన చెట్ల మీద నల్లటి ఒళ్ళు, గోధుమ రంగు తల, పొడుగు తోక ఉండేది నల్ల కొండముచ్చు. ఆకులు ఎక్కువ తింటుంది, మనుషులంటే దూరంగా పోతుంది. మూడోది సింహపుతోక కోతి. నల్లటి ఒళ్ళు, ముఖం చుట్టూ బూడిద రంగు జూలు, తోక చివర సింహానికి ఉన్నట్టు కుచ్చు. ఇది ప్రపంచంలో పడమటి కనుమల్లో మాత్రమే ఉంది. అదీ కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లోనే. మొత్తం కలిపితే కొన్ని వేలే. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చారు.

చెట్ల మీదే పుట్టి చెట్ల మీదే బతికే కోతి ఇది. వాల్పారై ఊరికి కొంచెం ముందు పుదుత్తోట్టం అనే చోట మాత్రం రోడ్డు మీద కూర్చొని ఉంటుంది. అడవి తుంపులైపోయింది, నడుమ రోడ్డు పడింది. ఒక చెట్టు నుండి ఇంకొక చెట్టుకు పోవాలంటే కొమ్మలు అందవు, దిగి దాటాలి. దిగినప్పుడు బండ్ల కింద పడి చచ్చిపోయాయి. అందుకని మైసూరుకు చెందిన నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్ళు రోడ్డుకు అడ్డంగా చెట్టు నుండి చెట్టుకు వేలాడే వంతెనలు కట్టారు. కోతులు వాటిని వాడుకుంటున్నాయి కూడా. కానీ వంతెన కట్టినా, కింద బిస్కెట్టు దొరుకుతుంటే కోతి కిందికే వస్తుంది.

మేము పోయినప్పుడు ముందున్న కారు ఆపి, అద్దం దించి, బిస్కెట్లు విసిరారు. ఏడెనిమిది కోతులు రోడ్డు మీదికి దిగాయి. ఒకదాని పొట్టకు పసిబిడ్డ అతుక్కొని ఉంది. మలుపులో నుండి బస్సు వచ్చి గట్టిగా బ్రేకు వేసింది. దేనికీ ఏమీ కాలేదు. కారు వాళ్ళు నవ్వుకుంటా పోయారు.

చిన్నోడు అడిగాడు, "వాళ్ళు ఇస్తా ఉండారు కదా, మనమెందుకు ఇయ్యకూడదు?"

అవ్వ కూడా సంచిలో అరటిపండ్లు పెట్టుకొని ఉంది. ఆమెకు కోతి అంటే ఆంజనేయస్వామి. గుడి దగ్గర కోతికి పండు పెట్టడం ఆమెకు డెబ్బై ఏళ్ళ అలవాటు, పుణ్యం. పిల్లలకు చెప్పడం సులభం, అవ్వకు చెప్పడం కష్టం. ఇది మన అందరి ఇళ్ళలో ఉండేదే. రోడ్డు మీద నిలబడి పెద్దవాళ్ళకు పాఠం చెప్తే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు.

నేను పిల్లలకు చెప్పాను, అవ్వకు వినపడేటట్టు. "ఆ బిడ్డ చూడు. వాళ్ళమ్మ ఇప్పుడు దానికి ఏ చెట్టు పండు ఎప్పుడు పండుతుందో, ఏ ఆకు కింద పురుగు ఉంటుందో నేర్పించాలి. రోజూ బిస్కెట్టు దొరికితే రోడ్డు పక్కన కూర్చోవడమే నేర్పిస్తుంది. బండి వస్తే ఏమవుతుంది?" పెద్దది వెంటనే "బస్సు" అంది. చిన్నోడు ఏమీ అనలేదు, కిటికీ అద్దం పైకి తిప్పాడు.

అవ్వ కొంచెంసేపు ఆగి, "నా చేతి పండు స్వామికి వద్దంటే వద్దులే, ఆయన తోట ఆయనకు ఉండాది" అంది. నా మాటకు పూర్తిగా ఒప్పుకుందని చెప్పలేను. కానీ సంచి ముడి విప్పలేదు. రాత్రి ఆ పండ్లు మేమే తిన్నాము.

ఆ ఊరి పిల్లలు

మనం రెండు రోజులు చూసి వచ్చే అడవిలో టీ తోటల కార్మికుల పిల్లలు ఏడాదంతా బతుకుతారు. వాళ్ళకు ఏనుగు, చిరుత విహారం కావు. ఈ మధ్య సంవత్సరాల్లో కూడా అక్కడ ఇళ్ళ దగ్గర ఆడుకుంటున్న చిన్నపిల్లలను చిరుతలు ఎత్తుకుపోయి చంపిన దుర్ఘటనలు జరిగాయి. ఏనుగుల వల్ల పోయిన ప్రాణాలూ ఉన్నాయి. ఏనుగులు ఎక్కడ ఉన్నాయో ముందే తెలపడానికి ఫోనుకు సందేశాలు పంపడం, స్థానిక టీవీలో వేయడం, కూడళ్ళలో ఎర్ర లైట్లు వెలిగించడం వంటి ఏర్పాటు చేశారు. ఈ పనికి ఆనందకుమార్ అనే శాస్త్రవేత్తకు 2015లో విట్లీ పురస్కారం వచ్చింది.

కాబట్టి పొద్దు వాలాక పిల్లలను బయట తిప్పకూడదు. టీ పొదల్లోకి పరుగెత్తనివ్వకూడదు. తోటల్లో మేసే అడవిదున్నలను బండిలో నుండే చూడాలి. అవి ఆవుల్లాగా నిమ్మళంగా కనపడతాయి కానీ ఆవులు కావు. అడవి తుంపుల లోపలికి అనుమతి లేకుండా పోకూడదు. ఈ వ్యాసంలో చెప్పినవన్నీ రోడ్డు పక్కన, మేము దిగిన ఇంటి ఆవరణలో, పగటిపూట చూసినవే.

పేర్ల పట్టిక

మా ఇంట్లో అమ్మ వైపు తెలుగు, నాన్న వైపు తమిళం. అక్క పిల్లలు బళ్ళో తమిళం, ఇంగ్లీషు. వాళ్ళ తెలుగు అన్నం, నీళ్ళు, నిద్ర, స్నానం దగ్గర ఆగిపోయింది. వాల్పారైలో ప్రతిదానికీ "దీనికి తెలుగులో ఏం పేరు?" అని అడిగారు. కొన్నిటికి నా దగ్గర పేరు లేదు. తెలుగు నేల మీద లేని జంతువుకు తెలుగులో పాత పేరు ఎట్లా ఉంటుంది? నల్లమల ఎక్కువగా ఆకు రాల్చే అడవి, అక్కడ సింహపుతోక కోతి లేదు. అప్పుడు పిల్లలనే పెట్టమన్నాము. వాళ్ళ నోటుబుక్కులో నుండి రాస్తున్నా.

సింగవాల్ కురంగు – గడ్డం కోతి.
ఇరువాచ్చి – రైలు పిట్ట.
పెద్ద ఉడుత – చీర ఉడుత.
పొట్టి రోకలిబండ – గోలీ రోకలిబండ.
అడవిదున్న – సాక్సు దున్న. మోకాళ్ళ కింద తెల్లగా ఉంటుంది కాబట్టి. అవ్వ దాన్ని మేజోళ్ళ దున్న అని దిద్దింది. పిల్లలకు మేజోళ్ళు అనే మాట అప్పుడే తెలిసింది.

రోకలిబండ, కీచురాయి, జువ్వి, కొండముచ్చు, మేజోళ్ళు. ఈ మాటలు మా అవ్వ దగ్గర ఉన్నాయి, అమ్మ దగ్గర సగం ఉన్నాయి, నాకు మన డిపార్టుమెంటుకు వచ్చాక కొన్ని దొరికాయి. ఇంట్లో వాటితో పని పడక అవి పిల్లలదాకా రాలేదు. చూపించడానికి వస్తువు ఎదురుగా ఉంటే మాట దానంతట అది వస్తుంది. ఇంటికి వచ్చాక చిన్నోడు బాత్‌రూము గోడ మీద రోకలిబండను చూసి పేరు పెట్టి పిలిచాడు. వాళ్ళమ్మ చీపురు తెస్తుంటే, "అది మట్టి చేస్తుంది, చంపొద్దు" అన్నాడంట.

మీరు చేసి చూడటానికి

వాల్పారై దాకా పోలేనివాళ్ళు మన కాలేజీ వెనకున్న చింతచెట్టు కిందే మొదలుపెట్టవచ్చు.

1. పది అడుగుల్లో రాలిన ఆకులు ఎన్ని రకాలో లెక్కపెట్టించండి.
2. కళ్ళు మూసి నూరు లెక్కపెట్టే ఆట ఆడించండి.
3. ఒక పురుగు పక్కన అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి.
4. జంతువులకు తినడానికి ఏమీ ఇవ్వకండి. ఎందుకు ఇవ్వకూడదో పిల్లల చేత పెద్దవాళ్ళకు చెప్పించండి.
5. పేర్లు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. లేకపోతే పిల్లలను పెట్టమనండి.

ఈ కాగితం కింద తెల్ల జాగా వదిలాను, పెన్సిలు దారంతో కట్టి ఉంది. మన క్లాసులో హోసూరు వాళ్ళు, కృష్ణగిరి వాళ్ళు, మదురై వాళ్ళు ఉన్నారు. మీ ఇళ్ళలో ఉడుతకు, జలగకు, రోకలిబండకు, కీచురాయికి ఏమంటారో మీ ఊరి పేరుతో రాయండి. వచ్చే సంచికలో అన్నీ కలిపి పట్టిక వేద్దాము.